దూరం పోయిన మసి

మా దుకాణంలో సిరా కడ్డీలుగా దొరుకుతుంది.
హుయిజౌ కొండల పైన్ కట్టెలు కాల్చి,
సొరంగం పొడవునా పట్టిన మసిని
ఈకతో దులిపి, జిగురు కలిపి,
వేల సుత్తి దెబ్బలు కొట్టి
బూడిదలో ఆరబెట్టిన నలుపు.
పండితులు కొంటారు.
వాళ్ళు మారుతూ వచ్చిన సంగతి
మా ఖాతా పుస్తకాలకు తెలుసు.

అట్ట ఊడిన ఖాతాలో జిన్ షౌపు ఉన్నాడు.
ఏటా మూడు కడ్డీలు, మూడూ అప్పే.
కోడి కూయకముందే గోడకేసి తిరిగి
గురువుల మాటలు వల్లించేవాడట.
చదువంటే అప్పట్లో నోటికి రావడం.
అర్థమేమిటని అడిగితే
"అన్నం నములు, తీపి అదే వస్తుంది" అనేవాడట.

ఎన్నో ఏళ్ళకి తాంగ్ యెన్‌చీ వచ్చి
బట్టీ ముందు పీట వేసుకున్నాడు.
ప్రతి వస్తువు కడుపులోనూ ఒక సూత్రముందట,
ఒక్కొక్కటే చూస్తూ పోతే
ఓ పూట అన్నీ కలిసి తెల్లవారతాయట.
నెల్లాళ్ళు దగ్గుతూ చూసి రాసుకున్నాడు:
నిప్పుకి దూరం పోయిన మసే మేలైనది.
మా వాళ్ళు నవ్వు ఆపుకుని
ఇంకో కడ్డీ అమ్మారు.

ఆ తర్వాతి కాలం మాకు నచ్చిన కాలం.
సుత్తి కొట్టే లూ ఆషున్
ఏటి ఒడ్డున ఎవరో చెబుతుంటే విని
తడి కాళ్ళతోనే పరిగెత్తుకొచ్చాడు:
"బయట వెతకక్కర్లేదట! మనసులోనే ఉందట!
తెలిసీ చెయ్యనివాడికి తెలియనట్టేనట!"
అక్షరం రానివాడు
ఆ రాత్రి అన్నకి బాకీ తీర్చేశాడు.
కానీ ఎవడి మనసు వాడికి దీపమైతే
సిరా ఎవడిక్కావాలి?
పదేళ్ళు బేరం లేదు.

ఉత్తరం నుంచి గుర్రాలొచ్చాయి.
రాజ్యం కూలింది.
మిగిలిన పండితులు సిగ్గుపడ్డారు,
మనసు గురించి మాట్లాడుతూ
కోట తలుపు మరిచిపోయామని.

మొన్న చలికాలం బావో జిహెంగ్ దిగాడు.
సంచిలో శాసనాల ముద్రలు, పాత ప్రాసల పట్టికలు.
వాక్యం కనిపిస్తే చాలు,
నీ ఊరేది, నీ అమ్మెవరు అని అడిగే రకం.
మా అచ్చు మీద చెక్కిన వాక్యం చూసి
తాతతో మెల్లగా అన్నాడు:
"ఇది ఋషుల మాట కాదు.
వందల ఏళ్ళ తర్వాత ఎవరో అతికించారు."

తాత ఆ వాక్యాన్ని
ఆరేళ్ళప్పుడు బెత్తం కింద నేర్చుకున్నాడు.
అన్నం చల్లారింది. మాట్లాడలేదు.
తెల్లారి త్రాసు తుడుస్తూ, నాతో కాదు, త్రాసుతో:
"దొంగ మాటే కావచ్చు.
దాన్ని నమ్మే
ఒక్క గురిగింజ ఎత్తు కూడా తక్కువ తూచలేదు."

బావో అరవై కడ్డీలు చెప్పాడు,
వాక్యం లేకుండా.
ఆ సిరాతోనే ఆ వాక్యం దొంగదని రాస్తాడు.
తాత ఒప్పుకున్నాడు, ధర తగ్గించకుండా.

సుత్తి నాది. కొడుతూ కొడుతూ ఆపాను.
"అయిందని ఎలా తెలిసింది?" బావో అడిగాడు.
"చప్పుడు మారింది."
"ఎలా మారింది?"
మళ్ళీ కొట్టి చూపించాను. వినిపించలేదతనికి.
ఇంకోసారి కొట్టాను.
అతను ప్రశ్న రాసుకుని
పక్కన నాలుగు వేళ్ళ చోటు
ఖాళీగా వదిలేశాడు.