పదకొండు షీట్లు

నాలుగు గంటలకు అబ్దుల్ నబీ సార్ వస్తడు.
బూట్ల ఇసుక దులుపుకొని
ఏసీ కింద ఒక్క నిమిషం నిలబడి
అడుగుతడు: నిన్న ఎంత, ఇయ్యాల ఎంత, మిగిలింది ఎంత?

సిత్రాల మా కార్ఖానా మొన్నటిదాకా
అల్యూమినియం దిమ్మెల కింద పెట్టే చెక్క పలకలు కొట్టేది.
ఇప్పుడు స్ట్రెచర్లు. పెట్టెలు.
పెట్టెల్ల ఏం పోతదో అడగొద్దన్నరు. అడగలే.

సర్కారు ఫారం పొడుగ్గ ఉంటది.
ప్లైవుడ్, పద్దెనిమిది మిల్లీలది: 412.
జిగురు డ్రమ్ములు: 9.
మనుషులు: 46.
మేకుల డబ్బాలు: 130.
మనుషుల్ని జిగురుకు, మేకులకు నడుమ ఎవరు రాసిండ్రో గాని
పని తెలిసినోడే.

చివరి గడి "ఎందుకొరకు".
రోజూ దాంట్ల ఒక్కటే మాట: రక్షణ.
కట్టకట్టకు పసుపు చీటీల మీద కూడ అదే మాట,
కింద చిన్నగ: కదిలించరాదు.

షీట్లు లెక్కపెట్టాలంటే
అంచుల మీద బొటనవేలి గోరు గీసుకుంట దిగాలె.
టక్ టక్ టక్.
కన్ను తప్పుతది, గోరు తప్పది.
మెట్‌పల్లిల మా అవ్వ బీడీ కట్టలు ఇట్లనే లెక్కచూసేది.
వెయ్యికి ఇంత ఆకని తూకమేసి ఇచ్చేటోళ్లు.
సగం ఆకు చిల్లులే ఉన్నా వెయ్యి వెయ్యే.
తక్కువైన ఆకు సొంత పైసలతోని కొని చుట్టి
చాటన్ కాడ నోరు మూసుకొని నిలబడేది.
కేటాయింపు అంటే ఏందో నాకు ఈ దేశం నేర్పలే.

ఆ రాత్రి చమురు ట్యాంకుల దిక్కు
ఆకాశం ఒక్కసారి తెల్లగైంది.
చప్పుడు తర్వాత వచ్చింది.
క్యాంపు పడమటి గోడకు పదకొండు కిటికీలు,
పదకొండూ లోపటికే రాలినయి.
నడిపి భూమయ్య చెవుల నుంచి గాజుపెంకు
మొఫిజుల్ గడ్డం గీసుకునే చిమ్టాతోని తీసిండు.
బియ్యంల పడ్డ గాజును ఏరుకుంట
టేక్ బహదూర్ తెల్లారగట్ల దాక కూసున్నడు,
ఎంత ఏరినా ఆ పూట ఎవ్వరం తినలే.

మర్నాడు గోరు చెప్పింది నాకు: 401.
నోటితోని నేను ఎవ్వరికి చెప్పలే.
ఫారంల 412 అని రాసిన.
రెండొద్దులు అట్లనే రాసిన.

మూడో నాడు సార్ తనే గోరు గీసిండు.
ఎవరు నేర్పిండ్రో ఆయనకు.
మళ్లొకసారి గీసిండు.
నా దిక్కు చూడకుంట బయటికి నడిచిండు,
నేను వెనుక. ఎండ, ఉప్పుగాలి, కాలిన వాసన.

క్యాంపు గోడ ముంగట ఆగి
వేలు పెట్టి లెక్కపెట్టిండు, అరబ్బీల, మెల్లగ.
పదకొండు కాడ వేలు ఆగింది.
లోపట రాత్రి షిఫ్టోళ్లు నిద్రపోతున్నరు,
పట్టపగలు చీకటి చేసుకొని.
ఎవడో గురక.

జేబుల నుంచి పసుపు చీటీలు తీసిండు.
ఒక్కొక్క కిటికీకి ఒక్కొక్కటి అతికిచ్చిండు,
నాలుగో దానికి జిగురు పట్టకపోతే
నాలుకతోని తడి చేసి ఒత్తిండు.
ఫారంల కొత్త వరుస గీసి పదకొండు వేసి
చివరి గడిల ఆ మాటనే రాసిండు.
తప్పుడు లెక్క సంగతి ఎత్తలే.
నేను చెప్పబోతే "బస్" అన్నడు.

అటెంక రోజూ నాలుగు గంటలకు
స్టోరు, షెడ్డు, కిటికీలు.
పదకొండు. పదకొండు. పదకొండు.

అంతా సద్దుమణిగినంక ట్రక్కు వచ్చింది,
కేటాయించినయన్నీ వాపసు.
స్క్రూల తూట్లతోని షీట్లు దించి కట్టిన.
పది.
భూమయ్య మంచం కాడి కిటికీకి ఇంకా అద్దం రాలే.

"ఒకటి తక్కువున్నది సార్,
ఎంతైతదో నా జీతంల పట్టుండ్రి" అన్న.
ఆయన పెన్ను మూత పెట్టుకుంట
మీ ఊరికి ఫ్లైట్లు మొదలైనయా అని అడిగిండు.
ఇంకా లేదన్న.
ట్రక్కు డ్రైవరు హారన్ కొడ్తనే ఉన్నడు.