నేను లేని రోజు

మార్చి ముప్పై ఒకటి సాయంత్రం
నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తారు.
ఏప్రిల్ రెండు పొద్దున్న
కొత్తగా చేర్చుకుంటారు.
మధ్యలో ఒక్క రోజు
మెళియాపుట్టి మండలంలో నేను లేను.

పంతొమ్మిదేళ్ళుగా ఇదే వరస.
లేని రోజులన్నీ పోగేస్తే
మూడు వారాలకి రెండు రోజులు తక్కువ.
ఆ రోజుల్లోనూ వేక్సిన్ డబ్బా భుజానేసుకుని కొండెక్కాను.
నా ఆర్డరు అయిపోయిందని
డబ్బాలో ఐసుకి తెలీదు కదా,
అది కరిగిపోతూనే ఉంటుంది.

ఆ ఏడు
మీద గూడలో సుక్కమ్మకి నొప్పులని కబురు.
జీపు రాలేదు.
గెడ్డ దాటి వెళ్ళేసరికి తల కనిపిస్తోంది.
మధ్యాహ్నం రెండుంపావుకి ఆడపిల్ల.
రెండు కిలోల ఎనిమిదొందలు.
గట్టిగా ఏడ్చింది.

రిజిస్టరు తెరిచి పెన్ను పట్టుకున్నాక గుర్తొచ్చింది,
ఇవాళ సంతకం పెట్టడానికి నేను లేనని.
కాసేపు ఆలోచించి
పిల్లని ఒక రోజు ముందుకి జరిపేను.
పుట్టిన తేదీ: ఏప్రిల్ రెండు.
కింద నా సంతకం.

ఇన్నాళ్ళకి శ్రీకాకుళంలో నా ఫైలు కదిలింది.
పర్మినెంటు చేస్తారట,
తెంపు లేని సర్వీసుంటే.
బగాది గారు కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టి
“మజ్జిలో కాళీలు అవుపిస్తన్నాయమ్మా.
ఆ రోజుల్లో పన్చేసినట్టు
ఒక్క కాయితమైనా ఉందేటి?”
చెడ్డ మనిషి కాదు. నాకోసం ఫ్యాను కూడా వేశాడు.

ఉంది.
ఆ కాయితానికి పన్నెండేళ్ళు.
సీతంపేట హాస్టల్లో ఆరు చదువుతోంది.
చూపించాలంటే ముందు
దాని పుట్టినరోజు దొంగదని ఒప్పుకోవాలి.
ఆధార్లో, బళ్ళో, కులం సర్టిఫికెట్లో
నేను దిద్దిన ఆ రెండు.

సుక్కమ్మతో అంటే నవ్వింది.
“కాయితవెందుకమ్మా? నన్ను పిలమను,
నాను సెప్తాను. నొప్పులు నావి కావేటి?”

ఆవిడకి తేదీ ఎప్పుడూ తప్పలేదు.
ఏటా ఏప్రిల్ ఒకటిన
సబ్‌సెంటర్ అరుగు మీద
బుట్టెడు జీడిమామిడి పళ్ళు.
పిక్కలు షావుకారికి, పళ్ళు నాకు.
నిలబడే తింటాను,
రసం మోచేతి దాకా కారిపోతుంది.

జీడి మరక ఏ సబ్బుకీ వదలదు.
తెల్లచీర కుచ్చిళ్ళ మీద
మరక పక్కన మరక.

సోమవారం మళ్ళీ రమ్మన్నారు.
ఇస్త్రీ చేసిన చీర ఇంకోటుంది.
మరకలదే కట్టుకుని
బస్సెక్కాను.