పేర్లు కొట్టే మిషను

కందుకూరు పామూరు రోడ్డులో
మూడు మెట్లెక్కితే మా స్టీలు కొట్టు.
గుమ్మం పక్కన బల్ల, బల్ల మీద మిషను, దాని వెనక నేను.
బిందె కొన్నోళ్లు పేరు చెప్తారు, నేను కొడతా.
దార్ల వెంగమ్మ జ్ఞాపకార్థం.
చి.ల.సౌ. ఫలానాకి మేనత్త కానుక.
అక్షరానికి రూపాయి. చివర చిన్న పువ్వు ఉచితం.

పనోళ్లం ముగ్గురం, యజమానులు నలుగురు.
పొద్దున్నే పెద్దాయన వచ్చి
కుక్కర్లు గుమ్మంలోకి తెమ్మంటాడు.
పదకొండుకి ఆయన బామ్మర్ది
ఎండకి రంగు మారతాయి, వెనక్కెయ్యండంటాడు.
మధ్యాహ్నం అమ్మగారు క్యారేజీతో దిగి
ఎవుడు చెప్పాడ్రా అని
మాతో పాటు కుక్కర్లని కూడా తిడతాది.
మద్రాసులో ఏదో చదివొచ్చిన చిన్నాయన
గోడకి తెల్లబోర్డు బిగించి
ఈ నెల టార్గెట్ అని రాశాడు. అంకె వెయ్యలా.
రెండేళ్లయింది,
ఆ ఈ నెల ఇంకా అయిపోలా.

సొట్ట పడితే జీతంలో కోత.
సొట్ట లారీలో పడినా కోత మాకే.
బోణీ కాకపోతే మా మొహాలు,
బేరం తెగితే పెద్దాయన హస్తవాసి.
కూర్చునే స్టూలు పోయిన ఉగాదికి ముందే తీసేశారు,
పనోడు కూర్చుంటే లక్ష్మి నిలబడి పోతాదంట.
ఇప్పుడు దాని మీద కెమెరా టీవీ కూర్చోనుంది.
అందులో మేం ముగ్గురం నిలబడి ఉంటాం.

జీతాల పుస్తకం ఒకసారి చూశా.
మాల్యాద్రి అని ఎక్కడా లేదు,
మిషను – తొమ్మిది వేలు.
కింద గోడౌను – ఎనిమిదిన్నర.
దాని కింద పాప – ఆరు.
పాపంటే రహమత్‌బీ. నలభై ఆరేళ్లు.
ఆమె మనవరాలికి
నేనే పాలగ్లాసు మీద పేరు కొట్టిచ్చా.

మాలకొండ తిరునాళ్ల జనంలాగా గిరాకీ తోసుకున్న శనివారం
ఆరు గ్లాసుల సెట్టు లెక్కలో తగ్గింది.
నాలుగొందల యాభై.
అడగలా, వెతకలా. పాప జీతంలో పట్టేశారు.
వారం తిరిగాక
చీటీపాట ఆయన వస్తే
అమ్మగారు ఇంటినుంచి మజ్జిగ పంపింది.
అవే గ్లాసులు.
రేటు స్టిక్కరు కూడా పీకలా.
కడగమని ఇచ్చింది రహమత్‌బీ చేతికే.
స్టిక్కరు గోటితో గీకి, కడిగి, తుడిచి,
గమ్మున బోర్లించింది ఆమె.
మజ్జిగ బాగుందంట, చీటీపాట ఆయన అన్నాడు.

ఆ సాయంత్రం ఒక గ్లాసు తిరగేశా.
మిషను గుర్రుమంటే కొట్లో ఎవురూ తలెత్తరు,
నేను పని చేస్తన్నానని వాళ్లకదే గుర్తు.
గ్లాసు అడుగున, గోరంత జాగాలో కొట్టా:
రహమత్‌బీకి బాకీ 450.
పక్కన తేదీ.
అక్షరానికి రూపాయి నేనెవుర్నీ అడగలా.
పువ్వు ఎట్టాగూ ఉచితమే.

ఆరు గ్లాసులూ ఇప్పుడు కొట్లోనే ఉండాయి.
టీ ఏ గ్లాసులో పొయ్యాలో
టీ తెచ్చే గోడౌనుకి బాగా తెలుసు.
పెద్దాయన గల్లా ముందు కూర్చోని, తల వెనక్కేసి,
చివరి గుక్కదాకా ఎత్తి తాగుతాడు.
ఎత్తినప్పుడు అడుగు
ఎదురుగా నిలబడ్డ మాకే కనబడతాది.
గోడౌనుకి దగ్గొస్తాది.
రహమత్‌బీ తల దించుకోని
కుక్కర్లు వెనక్కి మోస్తాది.