ముప్పయ్యేడో బండి

ఎన్ని చేశారో ఎవరూ తేల్చి చెప్పరు.
డెట్రాయిట్ నుంచి ఉత్తరాలు రాసే ముసలాయన రెండొందలంటాడు,
బొంబాయి పార్సీ ఆయన నూటపది దాటవంటాడు.
నా పుస్తకంలోకి ఎక్కినవి పద్నాలుగు.
ఒకే ఏడు, ఒకే రంగు, దోరమామిడి తొక్క రంగు.
డాష్‌బోర్డు కింద బొటనవేలంత ఇత్తడి రేకు,
రేకు మీద వరస అంకె.

వారమంతా నేను ఇన్సూరెన్స్ సర్వేయర్ని.
మండపేట నుంచి మలికిపురం దాకా
నుజ్జయిన ట్రాక్టర్లకీ కాలవలో పడ్డ వ్యాన్లకీ
నష్టం కట్టే మనిషిని.
ఆదివారం మాత్రం
టేపు, టార్చి, పల్చటి కాగితం, మెత్తటి పెన్సిలు
సంచీలో వేసుకుని
ముప్పయ్యేడు కోసం తిరుగుతాను.

హడ్సన్ అంటే ఎవరికీ తెలీదు.
అడసను కారు అనగానే
అనపర్తిలో కోళ్ల షెడ్డు కాపలావాడు తలెత్తాడు:
"సత్తి బులిరెడ్డిగారి మిల్లు బండి కదండీ!
తవుడు బస్తాలు మోసి మోసి చచ్చింది."
దాని బానెట్టు అక్కడే ఉంది, వెల్లకిలా,
అందులో నూకలు తింటున్నాయి కోళ్లు.
కొలిచాను. ముక్కు దగ్గర మూడంగుళాల సొట్ట.
కోళ్లు నన్ను పట్టించుకోలేదు.

స్టీరింగు కోటిపల్లి రేవులో దొరికింది,
మల్లాడి నూకరాజు లాంచీకి.
"అమెరికాదైతే ఏంటండి, తిప్పితే మాట వింటాది"
అన్నాడు బీడీ పెదవి చివరికి జరిపి.
ఆ బండిని పంటు మీద దాటించిన రోజు
నాలుగు ఎడ్లబళ్ల రేవుడబ్బులు పుచ్చుకున్నాడట వాళ్ల తాత.
అదీ రాసుకున్నాను,
ఏ గడిలో రాయాలో తెలీక, అంచున.

అవతలి ఒడ్డు ముక్తేశ్వరం. అక్కణ్ణించి లంక.
అరటితోట చివర
చక్రాల్లేకుండా, నడుం దాకా ఒండ్రులో
కూర్చునుంది మిగతా బండి.
జీతం బాకీ కింద మిల్లువాళ్లు
డ్రైవరు మీరావలికి ఇచ్చేశారట.
ఇప్పుడది కూతురు మస్తాన్‌బీది.
వెనక సీటులో కొబ్బరి డొక్కలు, ఈనిన పిల్లి.

డాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టాను.
రెండు మేకు కన్నాలు.
రేకు లేదు.

"ఎనభయ్యారు వరదలో పోయుంటాది," అందామె.
"మా నాన్న నాలుగు తలుపులూ తెరిచేశాడు. అందరూ తిట్టారు.
నీళ్లని అడ్డుకోకండ్రా, దూరి పోనివ్వండి,
అప్పుడే బండి కదలదు అన్నాడు.
రెండు చెట్లకి మోకేసి కట్టాడు.
టాపు మీద పదకొండు మందిమి, రాత్రి రాత్రంతా.
నా ఒళ్లో దాసరోళ్ల పసిపిల్ల.
లైట్ల మీదుగా, సీట్ల మీదుగా గోదారి పోతంటే
బండి నడుత్తున్నట్టే ఉంది బాబూ."

టీ ఇచ్చింది. అల్లం ఎక్కువైంది.

రేకు లేనిదే డెట్రాయిట్ ఆయన ఒప్పుకోడు.
ఇది ముప్పయ్యేడు కావచ్చు. కాకపోవచ్చు.
ఇరవై మూడో, తొంభయ్యో.
వారంలో ఆరు రోజులు నా చెయ్యి
ఇలాంటిదాన్ని చూడగానే
'పూర్తి నష్టం' అని రాసి సంతకం పెట్టేస్తుంది.
అలవాటు కొద్దీ 'పూ' రాసి కూడా
ఆగాను.

టాపు అంచున, తలుపు వంగే చోట
రంగులోకి ఏదో దిగి ఆరిపోయిన గాడి.
కాగితం పరిచాను.
ఛాసిస్ నంబరుకి రుద్దినట్టే
పెన్సిలు పక్కకి వాల్చి మెల్లగా రుద్దాను.
అంకె రాలేదు.
మూడు పేటల పురి వచ్చింది,
ఎడమ నుంచి కుడికి మెలి తిరుగుతూ.

మస్తాన్‌బీ నా భుజం మీంచి తొంగి చూసి
"మా నాన్న పేనిందే," అంది.