అంచుకు మూడు చిల్లులు

ముందు వాసన చూస్తాను.
తర్వాతే భూతద్దం, దూదిపుల్ల, అతినీలలోహిత దీపం.
ఎనభై ఏళ్ల ఇనుపటోపీ లోపల
తోలు, చెమట, తలనూనె కలిసి ముక్కిన వాసన ఒకటుంటుంది.
దాన్ని ఇంతవరకు ఏ దొంగా సీసాలో పట్టలేకపోయాడు.
నకిలీకి డికాషన్ వాసన.
మరకల కోసం టీలో నానబెడతారు మరి.

హల్ రేవులో, చేపల గిడ్డంగి పక్కన
పాత కవాతు హాల్లో నెలకో ఆదివారం సంత.
నా బల్ల ఉత్తరపు కిటికీ కింద.
రంగు నిజం చెప్పేది ఆ వెలుగులోనే.

కుర్రాళ్లు అడుగుతారు: క్లిఫ్, ఎలా పట్టుకుంటావు?
ఏముంది.
నుదుటి మీద పోలీస్ అని ఆరు తెల్ల ఇంగ్లీషు అక్షరాలు.
గీత పడ్డచోట ఆగి చూడు.
గీత అక్షరాన్ని కోసుకుంటూ పోయిందా, నిజం.
అక్షరం గీతలోకి దిగి కూర్చుందా, మొన్నటి కుంచె.

అబద్ధం ఆడినా అతికినట్టుండాలంటారు.
మరీ అతికినట్టుంటేనే నాకు అనుమానం.
అప్పుడెవరికి తీరిక?
స్టేషను వెనక పెరట్లో ఏ సార్జెంటో
వంద టోపీలు వరసగా బోర్లించి
నోట్లో సిగరెట్టు ఆరకముందే రాసేసిన అక్షరాలవి.
‘ఓ’ కొంచెం కోడిగుడ్డులా ఉండాలి.

ఇవాళ ఈనిడ్ స్టాథర్స్ వచ్చింది,
రెండు బస్సులు మారి, బ్రెడ్డు సంచిలో చుట్టుకుని.
డెబ్బై దాటి ఉంటుంది.
“మా తాత ఆంబ్రోస్‌ది. యుద్ధకాలపు రిజర్వు కానిస్టేబులు.
ఏమైనా వస్తుందా? బాయిలరు పాడైంది.”

పైన నీలం ఎప్పుడో పోయింది. తుప్పే మిగిలింది.
అక్షరాల్లో ఒక ‘ఐ’, సగం ‘సీ’.
లోపల తోలు లేదు, గడ్డం పట్టీ లేదు.
అంచుకు మూడు చిల్లులు,
చేతి డ్రిల్లుతో వంకరగా పొడిచినవి.

“అమ్మ పని,” అంది ఈనిడ్, తప్పు ఒప్పుకుంటున్నట్టు.
“గొలుసులు తగిలించి గుమ్మం పక్కన వేలాడదీసింది.
ముప్పై రెండేళ్లు అందులో జెరేనియాలు.
తాత ఏమీ అనలేదు.
నీళ్లు మాత్రం బతికినన్నాళ్లూ ఆయనే పోశాడు, గీసుకునే మగ్గుతో.”

వాసన చూశాను. మట్టి.
అడుగున రాయిలా బిగిసిన మట్టిని గోటితో గీరితే
కింద నీలం.
ఎండ మొహం చూడని నీలం,
ఒక పెన్నీ బిళ్లంత.

ఏ నకిలీగాడూ చిల్లులు పొడవడు.
చిల్లు పడ్డదానికి పది పౌండ్లు మించి రావు,
అదీ నా ధరల పుస్తకంలో నేను రాసిన లెక్కే.
ఈ హాల్లో పన్నెండు బల్లల మీద
ఇంత ఖాయమైనది మరోటి లేదని చెప్పాను.
ధరా చెప్పాను.
రెండూ ఒకే ఊపిరిలో చెప్పాల్సింది కాదు.

“పదికి బాయిలరు మీటకూడా రాదు,” అని నవ్వి
మళ్లీ సంచిలో చుట్టుకుంది.
రాలిన మట్టి పక్కబల్ల డెస్మండ్ శాండ్‌విచ్ మీద పడింది.
వాడు ఊదుకుని తిన్నాడు.

రాత్రి ఇంట్లో పై అర దగ్గర నిలబడ్డాను.
నా మొదటి టోపీ. పందొమ్మిదేళ్లప్పుడు,
రెండు వారాల కూలి పోసి
బెవర్లీలో రాయ్‌స్టన్ పైబస్ షెడ్డులో కొన్నది.
వందల టోపీల మీద వెలిగించిన దీపం
దీని మీద ఎన్నడూ వెలిగించలేదు.
వెలిగించాను.
ఉతికిన చొక్కాలా మెరిశాయి, ఆరు అక్షరాలూ.

‘ఓ’ గుండ్రంగా ఉంది.
వృత్తలేఖిని పెట్టి గీసినంత గుండ్రంగా.
నలభై ఏడేళ్లుగా రోజూ చూస్తూనే ఉన్నాను.

చీటీ మీద 1940 కొట్టేసి
పెన్సిలుతో రాశాను: రాయ్‌స్టన్ చేతిరాత.
పోయి పదహారేళ్లయింది వాడు.
కుంచె మీద మంచి పట్టు ఉండేది.