ఘుణాక్షరం

ప్లోవ్‌దివ్ ఊరి శివార్లలో, మారిత్సా నది ఒడ్డున
పాచికలు చేసే కార్ఖానాలో
నా తొలి కొలువు వాటిని విసరడం.
రోజుకు రెండువేల సార్లు.
పడిన అంకె చిట్టాలో రాయాలి, అంతే.

మూడోనాటికి భుజం పట్టేసింది.
నాలుగోనాడు విసరడం మానేసి
ఊహించి రాశాను:
మూడు, ఒకటి, ఆరు, రెండు, అయిదు, మళ్ళీ ఒకటి...
ఎవరి విస్తరీ చిన్నబోకుండా
బంతిలో వడ్డించినట్టు
ఆరింటికీ సమంగా పంచాను.

రదోస్తీనా అద్దాలు నుదుటి మీదికి నెట్టి
రెండు పేజీలు తిప్పింది.
"కలోయాన్, ఇది నువ్వు రాసింది.
పాచిక రాసింది కాదు."

ఎలా తెలిసింది?

"ఏ అంకే నాలుగుసార్లు వరసగా రాలేదు.
వస్తే ఎవరైనా అనుమానిస్తారని నీ భయం.
పాచికకు అలాంటి భయం లేదు.
ఇందాక ఏం పడిందో దానికి గుర్తే ఉండదు."

తన పాత చిట్టా ఒకటి దుమ్ము దులిపి తెరిచింది.
ఆరు ఆరు ఆరు ఆరు
ఆరు ఆరు ఆరు.
పక్కన చిన్న పెన్సిలు గీతైనా లేదు.
ఆ రోజు ఏం జరిగింది? అన్నాను.
"చిక్కుళ్ళ పులుసు తాగాను.
తర్వాత రెండు పడింది."

ఆ చలికాలమే
ఎర్రవీ తెల్లవీ విడివిడిగా సర్దిన పెట్టె
నా చేతిలోంచి మెట్ల మీదికి జారింది.
కలవడానికి రెప్పపాటు.
ఏరడానికి ఇద్దరికి రెండు రాత్రులు.
పొయ్యి మీద దించిన కాఫీ
మేం చూస్తుండగానే గది అంత చల్లబడింది.
ఎన్నిసార్లు దొర్లించినా
వాటంతట అవి విడిపోవా? అన్నాను విసుగ్గా.
"ఎందుకు విడిపోవు,
అప్పటికి ఈ మెట్లుండవు. ఈ నదీ ఉండదు.
నువ్వు ఎర్రవి ఏరు."

మేం కూర్చునే బల్ల చెక్కను పురుగు తొలిచేది.
ఒకచోట ఆ గీతలన్నీ కూడి
మా 'ఝె' అక్షరం అయ్యాయి.
అచ్చం పురుగులాగే
ఆరు కాళ్ళూ చాపుకున్న అక్షరం.
ఆలోచన తెగనప్పుడు
రదోస్తీనా వేలు దాని మీదే తిరిగేది.
చదువుతోందో, తడుముతోందో.

కార్ఖానా మూతపడ్డాక
ఆమె పోయిన కబురు నాకు ఆలస్యంగా అందింది.
వేలంలో ఎవరూ అడగని ఆ బల్లను
నేను తెచ్చుకున్నాను.

నిన్న దీపం దగ్గరగా పెట్టి చూశాను.
పురుగు ఆగలేదు.
అక్షరానికి ఏడో కాలు మొలిచింది.
ఇప్పుడది
ఏ భాషలోనూ లేదు.