పన్నెండో గొట్టం

యాకుట్స్క్‌లో ఆ పొద్దున మైనస్ నలభై ఆరు.
ఊపిరి మీసం మీదే గడ్డకడుతోంది.
బడి వెనక గోడ పొడుగునా పన్నెండు గొట్టాలు,
తలలకు అల్యూమినియం రెక్కలు చుట్టుకుని
మోకాలి లోతు మంచులో.

పదకొండింటి రెక్కలు గాలికన్నా నాలుగు డిగ్రీలు వెచ్చన.
పన్నెండోది అర డిగ్రీ. అంతే.
క్యూన్నెయ్ మీటరు విదిలించి మళ్ళీ పెట్టింది.
"మీటరు బాగానే ఉంది," అన్నాడు ఎర్చిమెన్.

మోటారు లేదు దానికి, పంపు లేదు.
అడుగున కాస్త అమ్మోనియా.
కింది మట్టి మైనస్ రెండు, ఆ చలిలో అదే కుంపటి.
ఆ సెగకే మరిగి, ఆవిరై పైకెక్కి,
రెక్కల దగ్గర వేడిని ఆకాశానికి అప్పజెప్పి
చెమటలా గోడలంట జారి వస్తుంది.
ఎక్కేటప్పుడు తేలిక, దిగేటప్పుడు బరువు.
ఆ బరువే జీతం అడగని పనివాడు.

క్యూన్నెయ్‌కి కాలేజీ బల్ల గుర్తొచ్చింది.
పెన్సిలంత రాగి గొట్టం, లోపల రాగిపొడి వత్తి.
పడుకోబెడితే ముప్పై వాట్లు మోసింది.
వేడి కొసను నెత్తికెత్తి నిలబెడితే
ఎనిమిదికే గొంతెండిపోయింది.
వత్తి నీటిని ఎగదోస్తుంది, ప్రమిదలో నూనెలా,
కాని జానెడు.
కన్నాలు సన్నం చేస్తే ఇంకాస్త ఎక్కుతుంది,
ఆ ఇరుకులో మరి నడక సాగదు.

"దీంట్లోనూ వత్తి పెట్టొచ్చుగా?"
"పది మీటర్లు ఎవరు మోస్తారు?
పల్లమిస్తే చాలు, అదే పోతుంది."

నీరు పల్లమెరుగు.
అమ్మోనియాకూ వచ్చిన చదువు అదొక్కటే.

పన్నెండోది నిట్టనిలువు కాదు.
నేలలోకి దిగి, మూడో తరగతి గది కిందికి
ఏటవాలుగా పాకింది.
పక్క బోరులో దించిన తీగ చెప్పింది:
సగందాకా రాయిలా గడ్డ,
అక్కణ్ణుంచి గుమ్మందాకా మెత్తన.
మధ్యలో ఎక్కడో రెండు వేళ్ళెత్తు గూను.
దిగి వచ్చే చుక్కలన్నీ దాని ముందే ఆగిపోతాయి,
అవతల కొస దప్పికతో పడి ఉంటుంది.

ఎర్చిమెన్ చాలాసేపు మాట్లాడలేదు.
"నేనే వేశాను. ఇరవై ఏళ్ళ కింద, జూన్‌లో.
మట్టంలో బుడగ గీత దాటింది. చూశాను.
చీకటి పడిందని సాకు చెప్పడానికి
జూన్‌లో మాకు చీకటే పడదు."

మార్చిలో గుమ్మం పక్కనే ఆవిరితో నేల తొలిచి
కొత్త గొట్టం దించారు, నిట్టనిలువుగా.
క్యూన్నెయ్ తూకపు దారం మూడుసార్లు వేలాడదీసింది.
మూడోసారి అతను నవ్వాడు.

వేసవిలో అన్నీ నిద్రపోయాయి.
పైన ఎండ, కింద చల్లని ద్రవం.
వేడిని అడుగుకు మోసుకెళ్ళే కూలీ లేడు.
చలికాలమంతా దోచిన చలిని
ఎండకు తిరిగివ్వకుండా కాపలా కాసేదీ ఆ బరువే.

మళ్ళీ జనవరి. కొత్తదాని రెక్కలు నాలుగు డిగ్రీలు వెచ్చన.
మూడో తరగతి తలుపు మాత్రం ఇంకా పట్టేస్తోంది.
పిల్లలు భుజంతో తోసి లోపలికెళ్తారు.
మట్టికి తొందర లేదు.